వేడి చల్లారని రేకు

చచ్చిపోయిన మొగుడు ఇంటికొచ్చి సబ్బులు ఎత్తుకుపోతున్నాడని ఒత్తావియా ఒదాస్సో చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆవిడ ముఖం చూస్తే ఎవడికీ రాదు. ఆగస్టు ఎండలో మెడ దాకా నల్లబట్టలు వేసుకుని, వంటింటి బల్లకి అవతల కూర్చుంది. నా కాఫీలో చక్కెర ఒకసారి వేసిన సంగతి మరిచిపోయి మళ్ళీ వేసింది. ఆ పానకాన్ని అలాగే తాగేశాను.

"ఎప్పుడు పోతున్నాయమ్మా?"

"ఆదివారాలు. ఆయన ఆత్మకి పూజ చెప్పించాలని నేను చర్చికి వెళ్తానా, వచ్చేసరికి వరండాలో చెక్క మీద ఆరబెట్టిన వాటిలో ఒకటో రెండో ఉండవు."

"పక్కింటి పిల్లలు తీసుంటారు."

"ఆగస్టులో పక్కింట్లో ఎవరుంటారండీ? అందరూ సముద్రానికి పోయారు. ఈ మేడ మొత్తం మీద తెరిచున్న తలుపు నాదొక్కటే."

అది నిజమే. ఈ నెలలో మా తురీను నగరంలో మిగిలేది పిల్లులూ, విధవలూ, నాలాంటి డబ్బుల్లేని డిటెక్టివులూ. నా ఖర్మ, కేసులు కూడా ఈ నెలలోనే తగులుతాయి.

"దొంగకి సబ్బులెందుకు? ఇంట్లో వెండి చెంచాలున్నాయి, గడియారం ఉంది."

"అదే నేను చెప్పేది. దొంగైతే చెంచాలు తీస్తాడు. సబ్బు ఆయనకే కావాలి." ఆవిడ గొంతు తగ్గించింది. "మొన్న ఆదివారం చూశాను కూడా. ఫాదర్ గారికి ఒంట్లో బాగాలేక పూజ తొందరగా ముగించేశారు. నేను వీధి మలుపు తిరిగేసరికి ఆయన మన గేట్లోంచి బయటికి వెళ్తున్నాడు. వెనక నుంచే చూశాను. కుడిభుజం ఆయనకి ఉన్నట్టే కిందికి వాలి ఉంది."

"పిలవలేదా?"

"పిలిస్తే వెనక్కి తిరుగుతాడు కదా బాబూ." ఆవిడ చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. "తిరిగితే ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు చూపించారు."

తలుపు దగ్గర నిలబడ్డ దెల్ఫీనా మెల్లగా సిలువ గుర్తు వేసుకుంది. నన్ను ఈ కేసులోకి లాగింది ఆ పిల్లే. పిల్ల అంటే పిల్లేం కాదు, ముప్పై దాటాయి. కార్ల సీట్లకి తోలు కుట్టే పని. నోరు కూడా ఆ సూది లాంటిదే.

కేసు ఇదీ. వల్దెంగో అనే ఇంజినీరుకి కార్లకి బాడీలు కట్టే కంపెనీ ఉంది. నవంబరులో జరిగే మోటారు ప్రదర్శనకి అక్కడ ఒక కారు తయారవుతోంది. పెద్ద కంపెనీవాళ్ళు సంసారులకి అమ్మే మామూలు సెడాన్ కారొకటి తెచ్చి, ఇంజనూ చక్రాలూ కింది చట్రమూ ఉంచి, పైదంతా ఊడబీకి, అల్యూమినియం రేకుతో కొత్త ఒళ్ళు తొడుగుతారు. ప్రదర్శనలో అది పెద్ద కంపెనీ కంట్లో పడితే వేల బండ్ల పని దొరుకుతుంది. పడకపోతే వల్దెంగో షట్టర్ దించుకోవాలి. ఆ రేకుపనికి పెద్ద మేస్త్రి ఒత్తావియా మొగుడు చెలెస్తీనో.

జూలైలో ఒక సాయంత్రం ఆ షెడ్డు అంటుకుంది. మంట ఆరాక లోపల బొగ్గయిన శవం దొరికింది. వేలికి చెలెస్తీనో పెళ్ళి ఉంగరం ఉంది. ఆ పొద్దున్నే అందరి ముందూ మేస్త్రితో గొడవపడిన నెరెయోని ఇన్‌స్పెక్టర్ తస్సోనె జైల్లో వేశాడు. నెరెయో దెల్ఫీనాకి తమ్ముడు. చెలెస్తీనోకి శిష్యుడు. అంతకన్నా దగ్గర చుట్టరికం, చెలెస్తీనో వాడికి జ్ఞానతండ్రి. చర్చిలో వాణ్ణి చేతుల్లో పట్టుకుని నీళ్ళు పోయించింది ఆయనే.

"గొడవ దేని గురించమ్మా?" అని ఒత్తావియాని అడిగాను.

"దాని గురించే. సబ్బు."

దెల్ఫీనా అందుకుంది. "ముందు ఎడమ మడ్‌గార్డు మా తమ్ముడు కొడుతున్నాడు. వాడి దగ్గర కొట్లో కొన్న సబ్బుంది. రేకు కరిగి బొక్క పడింది. పెదనాన్న కత్తెర తీసుకుని అందరి ముందూ దాన్ని ముక్కలు చేశాడు. వీడికి మండి, నీ సబ్బు నీతోపాటు సమాధిలో పెట్టుకో అన్నాడు. ఆ మాటే తస్సోనె పట్టుకున్నాడు."

మా నాన్నా రేకు కొట్టిన మనిషే గనక సబ్బు సంగతి నాకు కొత్త కాదు. గట్టి రేకు వంగాలంటే ముందు కాచాలి. ఇనుమైతే ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం చెప్పదు. చూస్తుండగానే చల్లగా కనబడుతూనే కరిగి కిందికి జారిపోతుంది. అందుకని రేకు మీద సబ్బుతో ఒక గీత గీసి, అవతల వైపు నుంచి మంట పెడతారు. గీత గోధుమరంగుకి తిరగ్గానే మంట తియ్యాలి. ఒక్కో సబ్బు ఒక్కో వేడికి తిరుగుతుంది. ఏళ్ళ తరబడి ఒకే సబ్బు వాడినవాడు ఇంకోటి ముట్టుకోడు.

"ఈ సబ్బు ఇంకెవరికైనా ఇస్తారా మీరు?"

"అడిగినా ఇవ్వనివ్వడు. ఆలివ్ నూనె, లారెల్ ఆకు వేసి నేనే కాస్తాను. మా అమ్మ నేర్పింది. పెళ్ళైనప్పట్నుంచీ ఆయనకి ఇదే."

చెక్క మీంచి ఒక ముక్క తీసి వాసన చూశాను. కూరలో ఆకు మరిగినట్టు ఘాటుగా ఉంది.

"అమ్మా, ఒక్క మాట. శవాన్ని గుర్తుపట్టింది మీరే కదా. ముఖం చూసి గుర్తుపట్టారా?"

"ముఖమెక్కడుంది బాబూ," అంది ఆవిడ. "ఉంగరం చూసి ఏడ్చాను. అంతే."

మెట్లు దిగుతుంటే దెల్ఫీనా నా చొక్కా పట్టుకుని ఆపింది.

"మీరు తీరిగ్గా కాఫీలు తాగండి క్రవేరో గారూ. అక్కడ వాడు రేపు సంతకం పెడతానంటున్నాడు."

"దేని మీద?"

"నేరం ఒప్పుకుంటూ. రేకు కాచే గ్యాసు వాల్వు కట్టకుండా వచ్చేశానేమోనని వాడికి అనుమానం పట్టుకుంది. రాత్రిళ్ళు పెదనాన్న సుత్తి చప్పుడు వినిపిస్తోందట, నిద్ర లేదు, తిండి లేదు. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని లాయరు ఊదరగొడుతున్నాడు. సంతకం పడ్డాక మీరు దేవుణ్ణి తెచ్చినా వాణ్ణి బయటికి తేలేరు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది. "వాడే నాకు మిగిలిన మనిషి. తెలుసా మీకు?"

"తెలుసు తల్లీ. నీ దగ్గర కంపెనీ కుట్టుపని గది తాళం ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"షెడ్డులోకి దారి అట్నుంచే కదా."

కంపెనీ గేటు కాపలా ముసలాడు గేటు దగ్గర లేడు. రోడ్డుకి అవతల చెట్టు నీడన కుర్చీ వేసుకున్నాడు. ఇటు ఎందుకు కూర్చోవని అడిగితే ముఖం చిట్లించాడు.

"లోపల మధ్యాహ్నం పూట కొడతాడు. మేస్త్రి."

"చచ్చిపోయిన మేస్త్రా?"

"మరి బతికున్నవాళ్ళంతా సెలవుల్లో ఉన్నారుగా," అన్నాడు వాడు. అని, వేళ్ళు కుర్చీ ఇనపకాలు మీద పెట్టుకున్నాడు. ఇనుము తాకితే కీడు తగలదని మా వాళ్ళ నమ్మకం. నేనూ నవ్వుతూ గేటు చువ్వ పట్టుకున్నాను. నవ్వు నవ్వే, జాగ్రత్త జాగ్రత్తే.

తోలు చుట్టలు దాటి లోపలి తలుపు తీశాం. షెడ్డు గోడలు ఇంకా నల్లగానే ఉన్నాయి. కాలిన వాసన పోలేదు. సున్నం వేసే తీరిక కూడా వల్దెంగోకి లేకపోయింది కాబోలు. మధ్యలో దుప్పటి కప్పుకుని కారు ఉంది. దెల్ఫీనా అడుగు ముందుకు పడలేదు.

"ఇక్కడే దొరికాడు," అంది. "ఈ బల్లకి, ఆ చక్రానికి మధ్య."

దుప్పటి లాగాను. నా ఉద్యోగంలో గుద్దుకున్న కార్లు చాలా చూశాను. పాతికేళ్ళు బీమా కంపెనీకి అదే పని, పైవాణ్ణి ఒక మాట అనేసి బయటపడేదాకా. ఇలాంటి కారు చూడలేదు. రంగు ఇంకా వెయ్యలేదు, ఒట్టి తెల్లటి రేకు. బానెట్ దగ్గర మొదలైన గీత ఒకటి తలుపుల మీదుగా డిక్కీ దాకా ఆగకుండా వెళ్ళింది. కిటికీలోంచి లోపలికి చూస్తే మాత్రం స్టీరింగూ గడియారమూ రోజూ టాక్సీలో చూసేవే. మా బావగారి కారు లోపలా ఇంతే. ఆ పాత సంసారి బండిని ఇంతందంగా తయారుచేసిన చేతుల్ని తలుచుకుంటే నాకు దుఃఖమే వచ్చింది.

సంచీలోంచి పోలీసులు జూలైలో తీసిన ఫోటో బయటికి తీశాను. లాయరు దగ్గర అరువు తెచ్చాను దాన్ని. ఫోటోలో ముందు ఎడమవైపు మడ్‌గార్డు లేదు. ఆ పక్కన కత్తిరించి పడేసిన రేకు మంటకి కరిగి నేలమీద గడ్డకట్టింది. ఎదురుగా ఉన్న కారుకి మడ్‌గార్డు ఉంది.

"ఇదెవరు చేశారు దెల్ఫీనా?"

ఆమె ఫోటో చూసింది, కారు చూసింది. "ఎవరూ చెయ్యలేదు. మంటల తర్వాత మావాళ్ళెవరూ ఈ గుమ్మం తొక్కలేదు. వల్దెంగో రెండు రెట్లు కూలి ఇస్తానన్నా రాలేదు. తర్వాత సెలవులొచ్చాయి."

"బయట చేయించాడేమో."

"బయటివాళ్ళకి బొమ్మ కావాలి కదా. ఈ కారు బొమ్మ గీసిన మల్వానో ఉంటే చెప్పి చేయించేవాడు. ఆయన మంటల మర్నాడే అర్జెంటీనా పోయాడని ఇంజినీరే చెప్పాడు. తన కారు కాలిందంటే చూడ్డానికైనా రాలేదు, మహానుభావుడు."

నేను నేలమీద పడుకుని చక్రం పక్కనుంచి మడ్‌గార్డు కిందికి తల దూర్చాను. పైకి నునుపుగా ఉన్న రేకుకి లోపలి ముఖం ఎప్పుడూ గరుకే. అక్కడ, వెనక అంచుకి దగ్గరగా, గోధుమరంగు మరకలు కనిపించాయి. రేకు వెచ్చగా తగిలింది, ఆగస్టు కదా అనుకుని వేలితో గీకి వాసన చూశాను.

సరిగ్గా అప్పుడే నా బూటుని ఎవరో తన్నారు.

"బయటికి రావయ్యా క్రవేరో. బీమా డబ్బు ఆ చక్రం కింద ఏమీ లేదు."

ఆ గొంతు ఇన్‌స్పెక్టర్ తస్సోనెది. ఇంత ఎండలోనూ టై కట్టుకుని వచ్చాడు.

"కాపలావాడు ఫోన్ చేశాడా?" అన్నాను దుమ్ము దులుపుకుంటూ.

"చెయ్యడూ? అనుమతి లేకుండా ఇంకొకరి షెడ్డులో దూరావు. ఈ అమ్మాయిని కూడా తీసుకొచ్చావు. ఇద్దర్నీ తీసుకెళ్ళి ఆ తమ్ముడి పక్కగదిలోనే వేస్తాను. సుఖంగా కబుర్లు చెప్పుకుంటారు."

"మీకు మనుషుల్ని లోపల వెయ్యడం ఒక్కటే వచ్చినట్టుంది," అంది దెల్ఫీనా.

"నోరు అదుపులో పెట్టుకోమ్మా. రేపు మీవాడే సంతకం పెడుతున్నాడు. నేనేమైనా కొట్టి పెట్టిస్తున్నానా?"

"నిద్ర లేకుండా చేసిన మనిషి చేత ఏ సంతకమైనా పెట్టించొచ్చు."

"నేను మేలుకోబెట్టలేదు. దెయ్యం మేలుకోబెడుతోందట," అన్నాడు తస్సోనె. నవ్వబోయి, గోడలు చూసి ఆగిపోయాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ," అన్నాను, "నన్ను తీసుకెళ్దురు గానీ. ముందు ఈ వాసన చూడండి."

వేలు ముక్కు దగ్గర పెడితే వెనక్కి జరిగాడు. "ఏమిటిది? సబ్బు?"

"ఒత్తావియా సబ్బు. ఈ మడ్‌గార్డు మీ ఫోటోలో లేదు. మంటల తర్వాత పుట్టింది. దీన్ని చేసినవాడు ఆవిడ సబ్బు వాడాడు. ఆవిడ సబ్బు వాడేది లోకంలో ఒక్కడే. ఆయన్ని మీరు జూలైలో పాతిపెట్టారు."

"ఎవడో ఆ ముసలావిడ వరండాలోంచి కొట్టుకొచ్చాడు. అదేం బంగారమా?"

"ఎందుకు కొట్టుకొస్తాడు? ఇంకెవడికైనా అది ఉత్త బట్టల సబ్బు. పైగా దానికి చేయి అలవాటు లేనివాడు కాస్తే రేకు కరిగిపోతుంది."

"చూడూ, నువ్వు కథ బాగా చెబుతావ్. అందుకే బీమావాళ్ళు నిన్ను గెంటేశారు. వేలికి ఉంగరం ఉంది. పెళ్ళాం చూసి సంతకం పెట్టింది."

"రేకు కొట్టేవాడు ఉంగరం పెట్టుకుని పనిచెయ్యడండీ. వేలు చితుకుతుంది. మా నాన్న మేకుకి తగిలించేవాడు. షెడ్డులో సాయంత్రం పనిలో ఉన్న మేస్త్రి వేలికి ఉంగరమెలా వచ్చింది?"

తస్సోనె టై ముడి వదులు చేసుకున్నాడు. అది వాడికి తెలియని సంగతి. తెలియని సంగతి ఎదురైతే వాడికి కోపమొస్తుంది. కోపంగా ఎడమ మడ్‌గార్డు ముందంచు మీద చెయ్యి ఆనించాడు.

చటుక్కున తీసేశాడు.

అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత కుడివైపు మడ్‌గార్డు దగ్గరికి నడిచి దాని మీద చెయ్యి పెట్టాడు. మళ్ళీ ఎడమవైపుకి వచ్చి రెండు వేళ్ళతో తాకాడు. ఈసారి వాడి ముఖంలో కోపం లేదు.

"అది చల్లగా ఉంది," అన్నాడు. "ఇది కాలుతోంది."

నేనూ తాకాను. పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి, ఎండ పడే చోటు కాదు. దెల్ఫీనా నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి నొప్పి పుట్టింది.

తస్సోనె పిస్తోలు తీసి గడ్డంతో పక్కగది వైపు చూపించాడు. అది నమూనాల గది. ముందుగా కారు బొమ్మని సున్నపుముద్దతో అసలు కొలతలో అక్కడే చేస్తారు. శ్రమ తగ్గుతుందని సగం కారే చేసి, నడిమధ్యన నిలువుటద్దం ఆనిస్తారు. అద్దంలో పడ్డ సగమూ కలిసి కారు నిండుగా కనబడుతుంది.

తలుపు తెరిచేసరికి ఆ నిండుకారు ఎదురుగా ఉంది. దాని వెనక, అద్దంలో, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

నేను అరిచాననే అనుకుంటున్నాను. తస్సోనె అరవలేదని తర్వాత వాడు చెప్పుకున్నాడు. అరిచాడు.

మనిషి అద్దంలో లేడు, మా వెనక తలుపు మూలన స్టూలు మీద ఉన్నాడు. ఒళ్ళో సుత్తి. గడ్డం పెరిగింది. కుడిభుజం కిందికి వాలింది. కాలిన ముఖం కాదు, మామూలు ముసలి ముఖం. రేకు కాస్తూ కాస్తూ మా అడుగుల చప్పుడు విని ఇటొచ్చి దాక్కున్నట్టున్నాడు.

"పెదనాన్నా," అంది దెల్ఫీనా. ఆ మాటలో సంతోషం ఉంది. ఎందుకుండదు? తమ్ముడు చంపాడంటున్న మనిషి ఊపిరి పీలుస్తూ కూర్చున్నాడు. ఆమె పరుగున వెళ్ళి ఆయన మోకాళ్ళు పట్టుకుంది. "బతికున్నావా? దేవుడా, బతికే ఉన్నావా? లే, పద. జైలుకి పద. నిన్ను చూస్తే చాలు, వాణ్ణి వదిలేస్తారు."

చెలెస్తీనో లేవలేదు.

"నెరెయో జైల్లో ఉన్నాడు పెదనాన్నా. నీకు తెలీదేమో."

"తెలుసు."

"తెలుసా?"

"ఇంజినీరు గారు రొట్టె చుట్టి తెచ్చే పేపర్లో వేశారు," అన్నాడాయన. గొంతు వాడక తుప్పుపట్టినట్టుంది. "వాడికేం కాదులేమ్మా. వాడు చెయ్యలేదు కదా. కోర్టులో తేలిపోతుంది. కుర్రాడు, తట్టుకుంటాడు. ఈ ఒక్క మడ్‌గార్డే మిగిలింది. అంచు మడిచి, ప్రదర్శనకి పంపించేస్తే నేనే..."

"రేపు సంతకం పెడుతున్నాడు. గ్యాసు వాల్వు తనే కట్టలేదని ఒప్పుకుంటున్నాడు."

ముసలాయన తలెత్తాడు. మొదటిసారి ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు.

"వాల్వు వాడు కట్టే వెళ్ళాడే. నేను చూశాను. వాడెప్పుడూ కట్టాక ఇంకోసారి తిప్పి చూస్తాడు. నేనే నేర్పాను."

దెల్ఫీనా మోకాళ్ళ మీంచి లేచింది. ఆయన ఒళ్ళోంచి సుత్తి తీసుకుంది. ఎందుకో నాకు అర్థమయ్యేలోపు షెడ్డులోకి నడిచింది, సుత్తి రెండు చేతులా పైకెత్తింది, ఎడమ మడ్‌గార్డు మీద దించింది. ఆ చప్పుడుకి రేకుల కప్పు మోగింది. మళ్ళీ దించింది.

చెలెస్తీనో పెట్టిన కేక మాత్రం దెయ్యం కేకే. పరిగెత్తుకొచ్చి ఆమెని తోసేసి, సొట్టపడ్డ చోట రెండు అరచేతులూ ఆనించాడు. రేకు వేడి ఆయనకి తగిలినట్టే లేదు. వేళ్ళతో అంచులు తడిమి, బల్ల మీంచి ఇంకో చిన్న సుత్తి అందుకుని, చక్రం పక్కన కూలబడి లోపలి నుంచి మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. తస్సోనె ముందుకి కదిలితే చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగండి. కొట్టనివ్వండి. చెయ్యి ఆడుతుంటేనే ఈ మనిషి నోరు ఆడుతుంది." అని నేనూ ఆయన పక్కనే నేలమీద కూర్చున్నాను. "మేస్త్రీ, ఆదివారం మీ ఆవిడ మిమ్మల్ని చూసింది."

సుత్తి ఆగలేదు. "అడుగుల చప్పుడు విన్నాను. పిలుస్తుందనుకున్నాను. పిలిస్తే ఆగిపోయేవాణ్ణి."

"పిలిస్తే కాలిన ముఖం తిరుగుతుందని భయపడింది."

సుత్తి ఒక్క దెబ్బ తప్పింది. మళ్ళీ అందుకుంది.

"మీ ఉంగరంతో మట్టిలో ఉన్నదెవరు మేస్త్రీ?"

"బొమ్మ గీసినాయన. మల్వానో."

వెనక తస్సోనె గట్టిగా ఊపిరి పీల్చాడు. "అర్జెంటీనా నుంచి టెలిగ్రాం వచ్చిందే!"

"ఇంజినీరు గారు ఎవరి చేతో ఇప్పించుంటారు. నాకు తెలీదు." తట్టుడు. "ఆ సాయంత్రం నెరెయో వెళ్ళిపోయాడు. నేను కొత్త రేకు మొదలెట్టాను. మల్వానో వచ్చాడు. పెద్ద కంపెనీ వాళ్ళు మాట్లాడారట. ఈ గీత ఖర్చెక్కువ, వద్దన్నారట. మడ్‌గార్డు కూడా పాత సెడాన్‌దే తగిలించమన్నారట. సరే అనేశాడట." తట్టుడు. "సరే అనేశాడు! ఆయనే గీశాడు, ఆయనే వచ్చి కత్తెర తీసుకుని బానెట్ మీద గీత ఎక్కడ తెంచాలో గోకి చూపిస్తున్నాడు. నా చేతిలో కొయ్యసుత్తి ఉంది."

"ఎన్నిసార్లు కొట్టావు?" అన్నాడు తస్సోనె. వాడు కూడా ఇప్పుడు గుసగుసగానే అడుగుతున్నాడు.

"ఒక్కసారే. రేకైతే ఆ దెబ్బకి వంగదు కూడా. మనిషి తల అంత మెత్తన అని నాకు తెలీదు."

"మంట?"

"ఇంజినీరు గారు వచ్చి చూశారు. నువ్వు జైలుకి పోతే కారు ఎవడు చేస్తాడన్నారు. శవాన్ని నువ్వనుకుంటే ఎవరూ నిన్ను వెతకరన్నారు. థిన్నర్ ఆయనే పోశారు. మేకు మీది ఉంగరం తీసిచ్చింది మాత్రం నేనే." ఆయన సొట్ట మీద వేలు ఆడించి, కన్ను చిట్లించి చూశాడు. "మధ్యలో నెరెయో పేరు వస్తుందని అనుకోలేదమ్మా. వచ్చాక, ఈ మడ్‌గార్డు అయ్యాక చెబుదాంలే అనుకున్నాను."

దెల్ఫీనా ఏడవడం లేదు. తస్సోనె జేబులోంచి పుస్తకమూ పెన్నూ తీశాడు. ఇంత బతుకూ బతికి చచ్చినవాడి చేత వాంగ్మూలం తీసుకునే గతి వాడికీ కొత్తే.

"మల్వానోని చంపిందెవరో మళ్ళీ చెప్పు," అన్నాడు.

"నేనే," అంది చక్రం కిందనుంచి గొంతు. దాంతోపాటే సుత్తి దెబ్బ పడింది. మాట అందులో కలిసిపోయింది.

దెల్ఫీనా వంగి, ఆయన చేతిలోంచి ఆ చిన్న సుత్తి కూడా తీసేసుకుంది. ఈసారి లాక్కోలేదు, మెల్లగానే తీసుకుంది.

"బయటికి వచ్చి గట్టిగా చెప్పు పెదనాన్నా," అంది. "ఆయన రాసుకుంటున్నాడు."